ఒక్కరి కోసం తీసిన వీడియోలు: కడియం ప్రాంతపు నర్సరీ కేస్ స్టడీ

నేపథ్యం

చిన్న వ్యాపారాలకు వీడియోలు తీసిపెట్టడం, గూగుల్, వాట్సాప్, యూట్యూబ్‌లలో వాటి వ్యవహారం చక్కబెట్టడం నా వృత్తి. ఇక్కడ రాస్తున్నది కడియం మండలంలోని ఒక నర్సరీ కేసు. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, నర్సరీ పేరు, గుర్తుపట్టడానికి వీలైన మరికొన్ని వివరాలు వదిలేశాను.

కడియం గురించి తెలియనివారికి ఒక మాట. రాజమహేంద్రవరం దాటాక 16వ నంబరు జాతీయ రహదారి వెంట వేమగిరి, కడియపులంక, బుర్రిలంక ప్రాంతమంతా నర్సరీలే. గోదావరి ఒండ్రు నేల, ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీరు, అంటు కట్టడం తెలిసిన చేతులు ఒకేచోట ఉండటం వల్ల ఇక్కడి మొక్క ఎన్నో రాష్ట్రాలకు లారీల మీద వెళ్తుంది. అయితే రోడ్డు పక్కన నర్సరీ ఉన్నవారి పరిస్థితి వేరు, లోపల కాలువ గట్టు మీద ఉన్నవారి పరిస్థితి వేరు. కారు ఆపి దిగేవారంతా రోడ్డు పక్కవారికే దక్కుతారు. లోపలివారికి దళారులే దిక్కు.

ఈ నర్సరీ లోపలిది. కొంత సొంత భూమి, కొంత కౌలు. మామిడి, సపోటా, జామ, నిమ్మ అంట్లు ప్రధానం, కొబ్బరి మొక్కలు కొద్దిగా ఉన్నాయి. యజమాని వయసు యాభై దాటింది. అంటు కట్టడం తండ్రి దగ్గర నేర్చుకున్నారు. లెక్కలు భార్య చూస్తారు, డిగ్రీ పూర్తిచేసిన కొడుకు ఫోను పని చూస్తాడు. దళారికి పోయే కమీషన్ కంటే ఆయనను ఎక్కువగా బాధించినది మరొకటి ఉంది. ఆయన పెంచిన మొక్క మరో నర్సరీ బిల్లు మీద వెళ్తుంది. నాలుగైదేళ్లకు ఆ తోట విరగకాసినా రైతుకు ఈయనెవరో తెలియదు. "మొక్క మాది, పేరు ఇంకొకరిదండీ" అన్నారు మొదటిసారి కలిసినప్పుడే.

వచ్చిన సమస్య

నన్ను పిలిచేనాటికే ఆయన వీడియో మీద డబ్బు ఖర్చు పెట్టి ఉన్నారు. పెళ్లిళ్లు తీసే ఒక బృందం డ్రోన్ ఎగరేసి, పైనుంచి పచ్చని వరుసలు చూపించి, వెనక ఒక సినిమా పాట పెట్టి చిన్న వీడియో చేసి ఇచ్చింది. చూడటానికి నిజంగానే అందంగా ఉంది. లక్షకు పైగా వ్యూస్ వచ్చాయి. ఆ తర్వాత పాట హక్కుదారుల అభ్యంతరంతో శబ్దం తీసేశారు, అది వేరే సంగతి.

అసలు ఇబ్బంది ఫోన్లతో వచ్చింది. పొద్దున లేచింది మొదలు ఒకటే మోత. ఎక్కువమంది అడిగింది ఒకే ప్రశ్న: "ఆ ఎర్ర పూల మొక్క ఒకటి హైదరాబాద్‌కు పంపుతారా?" ఆ ఎర్ర పూలు పక్క నర్సరీలోని కాగితపు పూల మొక్కలవి. డ్రోన్ గట్టు దాటినప్పుడు వాటిని కూడా పట్టేసింది. ఈయన దగ్గర పూల మొక్కలే లేవు. రోజంతా లేవని చెప్పి చెప్పి విసిగిపోయి, కొత్త నంబర్ల నుంచి వచ్చే ఫోన్లు ఎత్తడం మానేశారు. నూజివీడు వైపు రైతు ఒకరు మామిడి అంట్ల లోడు కోసం మళ్లీ మళ్లీ ఫోను చేసి, ఎవరూ ఎత్తకపోవడంతో వేరేచోట కొన్నారట. ఆ విషయం ఒక దళారి చెబితే తెలిసింది.

ఇంత జరిగాక కూడా ఆయన నన్ను అడిగింది ఇంకా పెద్ద వీడియోనే. నష్టం జరిగింది వీడియో చిన్నది కావడం వల్లనని ఆయన అనుకున్నారు.

కెమెరా తీయకముందు

నేను వెంటనే షూటింగ్ పెట్టుకోలేదు. ఫోన్లు వస్తున్నా బేరాలు కుదరడం లేదంటే పిలుపు వెళ్లింది కానీ తప్పు మనుషులకు వెళ్లిందని అర్థం. అలాంటప్పుడు మరో వీడియో తీస్తే తప్పు మనుషులే ఇంకా ఎక్కువమంది వస్తారు. అందుకని ముందు ఒక నోటు పుస్తకం పెట్టించాను. ఫోను వచ్చిన ప్రతిసారీ ఎక్కడి నుంచి, ఏ మొక్క, ఎన్ని, చివరకు ఎక్కడ ఆగింది అనే నాలుగు విషయాలు రాయాలి. ఈ పని యజమాని భార్య తీసుకున్నారు. నాలుగో విషయం కింద ఆమె రాసినవి ఈ కేసులో నాకు దొరికిన అతి విలువైన సమాచారం.

ఆ పుస్తకంలో మూడు రకాల మనుషులు కనిపించారు. ఇంటి ముందు ఒకటో రెండో మొక్కలు పెట్టుకునేవారు అందరికంటే ఎక్కువ. లేఔట్లలో, రోడ్ల వెంట నాటడానికి కొనే కాంట్రాక్టర్లు కొద్దిమంది. ఎకరం నుంచి ఐదెకరాల వరకు పండ్ల తోట వేయాలనుకునే రైతులు ఇంకా తక్కువ. అయినా నా చూపు ఈ మూడో వర్గం మీదే నిలిచింది. మామిడిని పది మీటర్ల ఎడంలో నాటితే ఎకరానికి 40 మొక్కలు పడతాయి, ఐదు మీటర్ల ఎడంలో ఒత్తుగా నాటితే 160. అంటే రెండెకరాల రైతు ఒక్కరు వస్తే ఒక వ్యాను నిండుతుంది. పైగా నర్సరీలో ఉన్న సరుకు ఆయనకు కావలసిందే. కాంట్రాక్టర్లకు కావలసిన నీడ చెట్లు ఇక్కడ లేవు, పైగా వారి డబ్బు నెలల తరబడి ఆగుతుందని యజమానే చెప్పారు.

ఇక రైతుల వరుసల్లో నాలుగో గడి చూడండి. "రకం గ్యారంటీ అడిగారు." "పంపేటప్పుడు మంచివే పంపుతారా అన్నారు." "వచ్చి చూస్తామన్నారు, రాలేదు." ధర దగ్గర ఆగినవి తక్కువ, నమ్మకం దగ్గర ఆగినవే ఎక్కువ. ఇందులో న్యాయం ఉంది. చిన్న మామిడి అంటును చూసి ఇది బంగినపల్లి రకం, ఇది కొత్తపల్లి కొబ్బరి రకం అని చెప్పడం మామూలు రైతుకు సాధ్యం కాదు. కాపు వచ్చేదాకా నాలుగైదేళ్లు ఆగాలి. రకం మారిపోయిందని అప్పుడు తెలిసినా పోయిన ఏళ్లు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఇంత భయం ఉన్న మనిషికి డ్రోన్ వీడియో ఏం చెబుతుంది? నర్సరీ పెద్దదని చెబుతుంది. ఆయన అడిగింది అది కాదు.

ప్రయత్నించినవి, నిలవనివి

కొడుకుకు మాత్రం ఇంటి తోటల వారిని వదులుకోవడం ఇష్టం లేదు. అంతమంది అడుగుతుంటే ఎందుకు కాదనాలి అన్నది అతని వాదన. దాన్ని తీసిపారేయలేం కాబట్టి కొన్నాళ్లు కొరియర్‌లో పంపి చూశాం. వేరు చుట్టూ మట్టి కదలకుండా కట్టడం, తేమ నిలవడానికి కొబ్బరి పొట్టు పెట్టడం, అట్టపెట్టెకు గాలి రంధ్రాలు పెట్టడం అన్నీ చేశాం. ప్యాకింగ్, కొరియర్ ఖర్చు మొక్క ధరను మించిపోయింది. దారిలో రెండు రోజులు ఆలస్యమైతే ఆకు రాలిపోయేది. ఆకు రాలినా కొమ్మ పచ్చిగా ఉంటే మొక్క బతుకుతుందని ఎంత చెప్పినా, డబ్బు కట్టి మోడును అందుకున్న మనిషి ఒప్పుకోరు. ఒప్పుకోవాలని అడగడం కూడా ధర్మం కాదు. డబ్బు తిరిగి ఇచ్చి ఆ దారి మూసేశాం. అప్పటి నుంచి వాట్సాప్ బిజినెస్‌లో తనంతట తాను వెళ్లే పలకరింపులోనే "ఒకటి రెండు మొక్కలు పంపలేము, నర్సరీకి వస్తే ఇస్తాము" అని మర్యాదగా ముందే చెబుతున్నాం. ఫోన్ల మోత సగానికి సగం తగ్గింది. కొడుకు కూడా ఊపిరి పీల్చుకున్నాడు.

మరో ప్రయత్నం, కొడుకు కెమెరా ముందు నిలబడి ఒక్కో పండు రకం గురించి చెప్పడం. బాగా మాట్లాడతాడు, తడబాటు లేదు. కానీ ఛానెల్ లెక్కలు చూపే యూట్యూబ్ స్టూడియోలో జనం ఎంతసేపు చూశారో చెప్పే గీత ఇరవై సెకన్లలోపే కిందికి జారిపోయేది. అతను చెప్పేవి ఎక్కడైనా దొరికే విషయాలు: పండు బరువు, తీపి, ఎరువుల మోతాదు. చేతికి మట్టి అంటని కుర్రవాడు పుస్తకంలో ఉన్నది చెబుతుంటే, ముప్పై ఏళ్లుగా సేద్యం చేస్తున్న రైతు ఎందుకు ఆగి వింటాడు? యజమానినే మాట్లాడమంటే కెమెరా చూడగానే బిగుసుకుపోయేవారు. వాక్యాలు బట్టీ పట్టించి చెప్పించడం నాకు ఇష్టం లేదు. అలా చెప్పిన మాట వినేవారికి తెలిసిపోతుంది.

కత్తి, పుల్ల, పట్టీ

ఆ నర్సరీలో అంటు కట్టే స్త్రీలలో అందరికంటే అనుభవం ఉన్నామెను అక్కడ అందరూ అక్కా అంటారు. నేనూ అలాగే పిలిచాను. వర్షాలు పడి గాలిలో తేమ పెరిగాక ఆమె పని మొదలవుతుంది. టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, కాండాన్ని నిలువునా చీలుస్తారు. తల్లి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను కింది భాగంలో రెండువైపులా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దింపి, ప్లాస్టిక్ పట్టీతో గట్టిగా చుడతారు. పుల్ల కోయడానికి వారం పది రోజుల ముందే దాని ఆకులు తుంచి ఉంచుతారు, మొగ్గ ఉబ్బడానికి.

ఆమె చేతుల మీద కెమెరా పెట్టాం. ముఖం కనబడటం ఆమెకు ఇష్టం లేదు, అవసరమూ లేదు. యజమాని పక్కన కూర్చుని ఆమెతో మామూలుగా మాట్లాడుతుంటారు, కెమెరా వైపు చూడనక్కర్లేదు. బిగుసుకుపోయే మనిషి గొంతు ఆ చోట విడిపోయింది. "ఈ పుల్ల ఏ చెట్టుదక్కా?" "కాలువ పక్కన ఉన్న కొత్తపల్లి కొబ్బరిదండీ, పొద్దున కోసింది." తర్వాతి దృశ్యంలో ఆ తల్లి చెట్టు, దాని కాయ. మళ్లీ అదే మొక్క కొన్ని నెలల తర్వాత, అంటు కలిసిన చోటు బొటనవేలితో చూపిస్తూ. ఆ వీడియోకు డ్రోన్ వీడియోతో పోలిస్తే వ్యూస్ చాలా తక్కువ. కానీ పుస్తకంలో "రకం గ్యారంటీ అడిగారు" అన్న మాట పలచబడింది. దాని బదులు "కాలువ పక్క చెట్టు అంట్లే కావాలన్నారు" అని రావడం మొదలైంది. అది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

సాంకేతికంగా పెద్ద హంగు ఏమీ లేదు. మొత్తం ఫోనుతోనే తీశాం. ఉదయం ఎనిమిదిలోపు తీయాలని నియమం పెట్టుకున్నాం, ఎందుకంటే ఎండ పైకొస్తే మామిడి ఆకు నూనె రాసినట్టు మెరిసి తెరమీద తెల్లమచ్చలు పడతాయి. తెర మీద వేలు కాసేపు నొక్కి పట్టి వెలుతురు, ఫోకస్ మారకుండా బిగించాం. ధ్వని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాం. కాలువ మోటారు ఆపించి, చిన్న కాలర్ మైకుకు గాలి తగలకుండా బొచ్చు తొడుగు వేశాం. అక్క చేతి గాజుల చప్పుడు మాటను మింగేస్తుంటే గాజులు తీయమనలేదు, మైకును భుజం దగ్గరకు జరిపాం. గాజుల శబ్దం ఇప్పటికీ వీడియోలో సన్నగా వినిపిస్తుంది, అది ఉండాలనే ఉంచాను.

శీర్షికల విషయం కూడా చెప్పాలి. మన రైతుల్లో చాలామంది తెలుగు మాటనే ఆంగ్ల అక్షరాలతో టైపు చేసి వెతుకుతారు, ఇంకొందరు మైకు నొక్కి మాట్లాడతారు. అందుకని వీడియో పేరు తెలుగు లిపిలో పెట్టి, వివరణలో అదే మాటను ఆంగ్ల అక్షరాల్లో కూడా రాశాం. పేరు కూడా జనం అడిగినట్టే పెట్టాం: "కొత్తపల్లి కొబ్బరి అంటు అసలైనదో కాదో ఎలా తెలుస్తుంది?"

లోడు వీడియో

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇది. బయటి ప్రపంచం చూడని వీడియోలివి.

"పంపేటప్పుడు మంచివే పంపుతారా" అన్న ప్రశ్నకు బహిరంగ వీడియో ఏదీ సమాధానం చెప్పలేదు. అది ఒక మనిషి ఒక లోడు గురించి అడిగే ప్రశ్న. కాబట్టి సమాధానం కూడా ఆయన ఒక్కరికే వెళ్లాలి. పద్ధతి ఇలా పెట్టాం. అడ్వాన్సు అందగానే మొక్కలు వేరుచేసి ఒకచోట పేరుస్తారు. కొడుకు రైతు పేరు, ఊరు, ఆ రోజు తేదీ పలికి వరుస వెంట నెమ్మదిగా నడుస్తూ తీస్తాడు. మధ్యలో ఏదో ఒక మొక్కను ఎత్తి కవరు అడుగు, అంటు కలిసిన చోటు దగ్గరగా చూపిస్తాడు. ఏ మొక్క ఎత్తాలో చెప్పమని రైతునే వీడియో కాల్‌లో అడగడం తర్వాత మొదలైంది, అది కొడుకు ఆలోచనే. లారీ ఎక్కించేటప్పుడు మరోటి, లారీ నంబరు కనబడేలా. ఎడిటింగ్ లేదు, పాట లేదు, కోత లేదు. కోత పెడితే మధ్యలో ఏదో మార్చారన్న అనుమానం వస్తుంది కనుక ఏకధాటిగా తీయాలని పట్టుబట్టాను. మిగతా డబ్బు ఆ వీడియో చూశాకే పంపమంటారు.

యజమానికి మొదట్లో ఇది నచ్చలేదు. "ఒక్కడి కోసం ఇంత తతంగమా?" అన్నారు. రోడ్డు పక్క నర్సరీకి వచ్చిన రైతు చేసేది కూడా ఇదే కదండీ అన్నాను. వరుస వెంట నడుస్తాడు, ఒక కవరు ఎత్తి చూస్తాడు, లారీ దగ్గర నిలబడతాడు. దూరాన ఉన్నవాడికి ఆ హక్కు మనమే ఇవ్వాలి. ఆ మాట ఆయనకు పట్టింది. ఈ వీడియోలు అందుకున్న రైతులు వాటిని బంధువులకు, ఊరి వాట్సాప్ గ్రూపులకు పంపారు. కొత్త ఫోన్లు చాలావరకు అటు నుంచే వచ్చాయి, యూట్యూబ్ నుంచి కాదు.

ధర గురించి కూడా కొంత తర్జనభర్జన జరిగింది. ధర చెబితే పక్కవారు తగ్గిస్తారని యజమాని భయం. చెప్పకపోతే రైతు ఫోను చేయడానికే జంకుతాడని నా అభిప్రాయం. చివరకు వాట్సాప్ కేటలాగులో కవరు సైజు, మొక్క వయసును బట్టి ధర పెట్టాం. లోడు ధర, కిరాయి మాత్రం ఫోనులో మాట్లాడతారు. పక్కవారు తగ్గించారో లేదో గాని ఈయన బేరాలకు దెబ్బ తగలలేదు.

మ్యాపు, రివ్యూ, వరద

గూగుల్ మ్యాపులో ఈ నర్సరీ గుర్తు పక్క నర్సరీ మీద ఉండేది. దేవుళ్ల పేర్లతో ఒకేలాంటి పేర్లు ఎన్నో ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు, వచ్చిన వ్యాను అక్కడే ఆగిపోతుంది. బోర్డు, దారి, లోపలి ఆఫీసు గది చూపించే వీడియోతో ధ్రువీకరణ చేయించి గుర్తు సరిచేశాం. ఖర్చు లేని పని ఇది, నాకు వచ్చే ప్రతి వ్యాపారానికీ ముందు ఇదే చూస్తాను.

ఆ తర్వాత ఒక చెడ్డ రివ్యూ వచ్చింది: "సగం మొక్కలు ఎండిపోయాయి." కొడుకు ఘాటైన జవాబు రాసి నాకు చూపించాడు. అది పెట్టవద్దన్నాను. రైతుకు ఫోను చేసి ఫొటోలు అడిగితే, లారీ దిగిన రోజే మండుటెండలో నాటారని తెలిసింది. దారిలో నలిగిన మొక్కను కొన్ని రోజులు నీడలో పెట్టి నీరు పోసి, తేరుకున్నాక నాటాలి. ఆ మాట ఆయనకు ముందే ఎవరూ చెప్పలేదు. కొన్ని మొక్కలు మళ్లీ ఇచ్చారు. "లోడు దిగిన రోజు ఏం చేయాలి" అని వీడియో తీసి, ఇప్పుడు లారీ కదలగానే ప్రతి రైతుకూ పంపుతున్నారు. ఆ రివ్యూ ఇంకా అలాగే ఉంది, కింద జరిగింది జరిగినట్టు రాసిన జవాబుతో. దాన్ని చూసే ఫోను చేశామన్న రైతులున్నారు.

జూలై, ఆగస్టుల్లో మరో సంగతి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. టీవీల్లో అంకెలు పరుగెత్తగానే, గోదావరి పక్కనున్నదంతా మునిగిందని దూరపు రైతులు అనుకుంటారు. నాటే అదను కూడా అదే కాబట్టి ఆర్డర్లు ఆగిపోయేవి. ఇప్పుడు హెచ్చరిక వచ్చిన రోజే చిన్న వీడియో పెడతారు: తేదీ పలికి, ఏటిగట్టు, రోడ్డు, మొక్కల మడులు ఒకదాని తర్వాత ఒకటి. పల్లపు మడిలో నీరు నిలిచి ఉంటే దాన్నీ చూపించాలన్నాను. యజమాని ఒప్పుకున్నారు. ఆ మడి మొక్కలు కొత్త చిగురు వేసేదాకా అమ్మబోమని తన నోటితోనే చెప్పారు. కెమెరా చూస్తే బిగుసుకుపోయే మనిషి ఆ మాట ఒక్కసారికే, తడబడకుండా చెప్పారు.

ఈ పద్ధతి ఎవరికి, ఎంతవరకు

అందరికీ ఇదే చెప్పను. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక అటువైపు నుంచి కూడా నన్ను అడిగేవారున్నారు. అక్కడ కొనేవారి భయం చిన్నది. నచ్చకపోతే పోయేది ఒక పెట్టె డబ్బు. రేకు మీద నెయ్యి జారుతుంటే చూసి నోరూరితే చాలు, కొంటారు. అందమైన వీడియోకు అక్కడ పూర్తి విలువ ఉంది. మామిడి తోట వేసే రైతు పందెం కాస్తున్నది నాలుగైదేళ్ల కాలాన్ని. కొనేవారు దేనికి భయపడుతున్నారో చూసుకుని వీడియో తీరు నిర్ణయించుకోవాలన్నది నా పద్ధతి. వ్యూస్ అంకెను నెలాఖరు నివేదికలో చివరి వరుసలో మాత్రమే రాస్తున్నాను. పై వరుసల్లో పుస్తకం నుంచి తీసినవి ఉంటాయి: ఎన్ని ఫోన్లు రైతులవి, వాటిలో ఎన్ని లోడు దాకా వెళ్లాయి, ఎక్కడ ఆగాయి.

దళారులు పూర్తిగా పోలేదు, పోవాలనీ యజమాని కోరుకోవడం లేదు. దూర రాష్ట్రాల పెద్ద లోడ్లు ఇప్పటికీ వారి ద్వారానే వెళ్తున్నాయి. తేడా ఏమిటంటే ఆ లోడ్లకు కూడా వీడియో తీసి, నర్సరీ పేరు పలికి దళారికి ఇస్తున్నారు, కొందరు దళారులు దాన్ని కొనేవారికి అలాగే పంపుతున్నారు. ఒడిశా నుంచి ఒకరిద్దరు నేరుగా ఫోను చేశారు. హిందీలో మాట్లాడేవారు ఇంట్లో లేరు, కొడుకు నేర్చుకుంటున్నాడు. ఈలోగా వారికి అక్క అంటు కట్టే వీడియోలో మాటలను హిందీలో తెర కింద వేసి పంపుతున్నాం.